పట్టు ఎక్కడ జారింది?

66 మ్యాచ్‌లు ఆడి 5 గెలిచిన జట్టు గురించి ఇవాళ మాట్లాడుకుందాం. అది మన జట్టే, తెలుగు టైటాన్స్. ప్రొ కబడ్డీ లీగ్ ఎనిమిది, తొమ్మిది, పదో సీజన్లలో, అంటే 2021 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా, మనవాళ్ళు ఆడిన ఆట ఇది. సీజన్‌కి 22 మ్యాచ్‌లు. మొదటి ఏడు 1 గెలుపు, రెండో ఏడు 2, మూడో ఏడు మళ్ళీ 2. మూడు సార్లూ 12 జట్లలో 12వ స్థానం.

మూడో ఏడు సంగతి మరీ విడ్డూరం. ఆ ఏటి వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. అతనేమీ దగా చెయ్యలేదు, కూతకెళ్ళి ఆ సీజన్‌లో 200కు పైగా పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 19 మ్యాచ్‌లు ఓడింది.

2024 జనవరిలో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మన సొంతగడ్డ మ్యాచ్‌లు జరిగినప్పుడు స్టాండ్స్‌లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "మనకి డిఫెన్స్ లేదండీ." మాట అబద్ధం కాదు. కానీ అంతటితో ఆగిపోతే లాభం లేదు. పట్టేవాళ్ళు లేకపోవడం వేరు, ఉన్నవాళ్ళు తొందరపడి పట్టబోవడం వేరు, అసలు పట్టే అవకాశమే రాకుండా జట్టు ఎప్పుడూ ముగ్గురితో మిగలడం వేరు. మూడింటికీ స్కోరుబోర్డు మీద కనిపించే అంకె ఒకటే కావచ్చు. వాటిని విడదీసి చూపించాల్సింది గణాంకాలు.

ఈ లెక్కలకి గచ్చిబౌలిని మించిన చోటు లేదనిపిస్తుంది నాకు. జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టుకున్న ఆ స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. దాని చుట్టూ ఇవాళ ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ కంపెనీలే. అద్దాల మేడల్లో కూర్చుని అమెరికా బ్యాంకులకీ, లండన్ దుకాణాలకీ డేటా చూసి జబ్బెక్కడుందో చెప్పేవాళ్ళు వేలమంది. అదే ప్రాంతంలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో, మన తెలుగువాడు, ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు పేరు మీద ఒక సంస్థ ఉంది. ఆయన దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ముందు బాస్కెట్‌బాల్ సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే డిఫెన్స్‌ని లెక్కగట్టడం నేర్పిన ఆటల్లో అది ముందుంటుంది. అమెరికాలో డీన్ ఆలివర్ అనే ఆయన 2004లో 'బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్' అనే పుస్తకం రాశాడు. ఆయన పట్టుబట్టిన విషయం చాలా చిన్నది. ఒక జట్టు మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు ఇచ్చిందో చూసి డిఫెన్స్ మంచిదో చెడ్డదో చెప్పకండి. బంతి ఎదుటివాళ్ళ చేతికి ఎన్నిసార్లు వెళ్ళిందో చూసి, ఒక్కోసారికి ఎన్ని ఇచ్చిందో చెప్పండి అన్నాడు. నిజమే కదా, పరుగెత్తి ఆడే జట్టుకి రెండువైపులా అవకాశాలెక్కువ, పాయింట్లూ ఎక్కువే. నింపాదిగా ఆడే జట్టుకి రెండువైపులా తక్కువ. అందుకే అక్కడ 100 అవకాశాలకి ఎన్ని పాయింట్లు అని కొలుస్తారు. దాన్ని మళ్ళీ నాలుగుగా విడగొడతారు: ఎదుటివాళ్ళు వేసిన బంతులెన్ని పడ్డాయి, వాళ్ళ చేతుల్లోంచి బంతి ఎన్నిసార్లు లాక్కున్నాం, గురి తప్పి తిరిగొచ్చిన బంతి ఎవరికి దక్కింది, ఫౌళ్ళు చేసి ఉచితంగా ఎన్ని సమర్పించుకున్నాం. డిఫెన్స్ బాగాలేదు అన్న ఒక్క ఫిర్యాదు అలా నాలుగు ప్రశ్నలవుతుంది.

అక్కడ కూడా మన టైటాన్స్ లాంటి కథలున్నాయి. శాక్రమెంటో కింగ్స్ అనే జట్టుకి ముంబైలో పుట్టిన వివేక్ రణదివే యజమాని. 2022-23 సీజన్‌లో పాయింట్లు సాధించడంలో మొత్తం లీగ్‌లోనే వాళ్ళది మొదటి స్థానం. 82 మ్యాచ్‌లలో 48 గెలిచారు, 2006 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. డిఫెన్స్ లెక్కల్లో మాత్రం 30 జట్లలో అడుగునున్న 10 జట్లలో ఒకటి. మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో ఎదుటి జట్టు ఆటగాడు స్టెఫెన్ కర్రీ ఒక్కడే 50 పాయింట్లు వేసి ఇంటికి పంపాడు. లీగ్ మ్యాచ్‌ల్లో ఒక చేతి బలం ఇంకో చేతి బలహీనతని కప్పిపుచ్చుతుంది. నాకౌట్ దగ్గర ఆ ముసుగు జారుతుంది.

ఇక మన ఆటకి వద్దాం. చెడుగుడు అనండి, కబడ్డీ అనండి, ఆటకి 40 నిమిషాలు. ఒక్కో కూతకి ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు. ఒకరి తర్వాత ఒకరు కూతకెళ్ళాలి కాబట్టి, లెక్క కోసం రెండు జట్లకీ చెరో 40 కూతలు అనుకుందాం. బాస్కెట్‌బాల్‌లో ఉన్న చిక్కు ఇక్కడ లేదు, అవకాశాలు ఇద్దరికీ దాదాపు సమానం. అలాంటప్పుడు ఇచ్చిన పాయింట్లే డిఫెన్స్‌కి కొలత అనుకోవచ్చా? అనుకోకూడదు. ఇక్కడ ఇంకో చిక్కుంది.

ఎదుటి జట్టు స్కోరు 40 అనుకుందాం. ఆ 40లో మన డిఫెండర్లని తాకి తెచ్చుకున్నవి కొన్ని. మనవైపు ఆరుగురో అంతకన్నా ఎక్కువమందో ఉన్నప్పుడు గీత దాటి కొట్టేసిన బోనస్‌లు కొన్ని. మనల్ని ఆలౌట్ చేసినప్పుడల్లా అదనంగా వచ్చిన రెండేసి. వీటితోపాటు, మన కూత ఆటగాణ్ణి వాళ్ళు పట్టుకున్నందుకు వచ్చినవి ఇంకొన్ని. ఈ చివరివాటికీ మన డిఫెన్స్‌కీ ఏ సంబంధమూ లేదు. అవి మన రైడర్లు ఇచ్చినవి. మ్యాచ్ అయ్యాక "40 ఇచ్చేశాం, డిఫెన్స్ దండగ" అని తిట్టుకుంటూ మెట్రో ఎక్కేవాళ్ళు, వాటిలో పదో పన్నెండో రైడర్ల ఖాతాలోవని గమనించరు. కాబట్టి మొదటి పని ఆ అంకెని ముక్కలు చెయ్యడం. ఎదుటివాళ్ళ 40 కూతల్లో ఎన్ని ఖాళీగా వెళ్ళాయి, ఎన్నింటిలో పట్టాం, ఎన్నింటిలో తాకించుకున్నాం, ఎన్నింటిలో పట్టబోయి పోయాం?

ఆఖరి రెండింటి మధ్య తేడా చాలా ముఖ్యం. రైడర్ దూకుడుగా వచ్చి వేలి కొసతో తాకి పోతే అది అతని నైపుణ్యం. మనవాడు ముందుకు దూకి చీలమండ పట్టబోయి, అది జారి, పక్కవాడు గొలుసు కలపడం ఆలస్యమై, ఇద్దరూ కలిసి బయటికి పోతే అది మన తొందర. స్కోరుకార్డులో రెండూ రైడ్ పాయింట్లే.

తొందరకి ఎంత ఖరీదో ఒక ఊహా లెక్క వేద్దాం. ఇవి ఏ ఆటగాడి అంకెలూ కావు, లెక్క కోసం అనుకున్నవి. ఒక డిఫెండర్ సీజన్ మొత్తంలో 150 సార్లు పట్టబోయాడు, 60 సార్లు పట్టు దొరికింది. ఇంకొకడు 75 సార్లే ప్రయత్నించాడు, 45 దొరికాయి. సీజన్ చివర పట్టికల్లో, పత్రికల్లో, బహుమతుల్లో ముందుండేది మొదటివాడు, 60 పాయింట్ల మొనగాడు. ఇప్పుడు విఫలమైన పట్టుకి ఖరీదు కడదాం. రైడర్‌ని తాకినవాళ్ళంతా బయటికి పోతారు కాబట్టి, ఒక్కో వైఫల్యానికి సగటున పాయింటున్నర పోతుందనుకోండి. మొదటివాడు విఫలమైంది 90 సార్లు, ఇచ్చింది 135. తెచ్చిన 60 తీసేస్తే నికరంగా 75 నష్టం. రెండోవాడు విఫలమైంది 30 సార్లు, ఇచ్చింది 45, తెచ్చింది 45. చెల్లుకు చెల్లు. పట్టికలో వెనకున్నవాడు జట్టుకి భారం కాలేదు, ముందున్నవాడు మ్యాచ్‌కి మూడు పాయింట్లకి పైగా తినేశాడు.

పాయింటున్నర అనే నా అంచనా మారితే జవాబు కొంచెం మారుతుంది గానీ, పద్ధతి మారదు. ఆ అంచనా ప్రకారం పదింట ఆరు పట్టలేని డిఫెండర్, పట్టకుండా వెనక్కి తగ్గి నిలబడితేనే జట్టుకి మేలు. పైగా కబడ్డీలో ఓర్పుకి బహుమతి కూడా ఉంది. వరసగా రెండు కూతలు ఖాళీగా వెళ్తే మూడోది 'డూ ఆర్ డై'. ఆ కూతలో పాయింటు తేలేకపోతే ఎవరూ పట్టకపోయినా రైడర్ ఔట్, పాయింటు డిఫెన్స్‌కి. అంటే రెండుసార్లు చెయ్యి చాచకుండా నిలబడ్డ డిఫెన్స్, మూడోసారి రైడర్‌ని తన మీదకి రప్పించుకుంటుంది. రావాల్సిన అవసరం అతనిది. ఆ పాయింటు మూడోసారి పట్టినవాడి పేరన రాస్తారు. ముందు రెండుసార్లు సంయమనంతో నిలబడ్డ మిగతా ఆరుగురి పేర్లూ ఎక్కడా ఉండవు.

డిఫెన్స్ లెక్కల్లో అసలు చిక్కు ఇదే, ఏ ఆటలోనైనా. జరిగినవి రాయగలం, జరగనివ్వనివి రాయలేం. కాపలా కుక్క ఎంతమందిని కరిచిందో లెక్కపెట్టి దాని గొప్ప చెబితే, దాన్ని చూసే గేటు దగ్గర ఆగిపోయిన దొంగలు లెక్కలోకి రారు. అంచున నిలబడే గట్టి కార్నర్ ఆటగాడు ఉన్నవైపు రైడర్ బోనస్ గీతకేసి పోడు, అటు తిరగనే తిరగడు. ఆ కార్నర్ ఆటగాడికి పట్టు పాయింట్లు తగ్గుతాయి. లెక్క పైపైన చదివేవాడు "ఫామ్ పోయింది" అంటాడు. ఈ లోటు తీర్చడానికే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో 2013-14 నుంచి ప్రతి మైదానం పైకప్పుకీ కెమెరాలు బిగించి, ఆటగాళ్ళ కదలికల్ని సెకనుకి 25 సార్లు నమోదు చెయ్యడం మొదలుపెట్టారు. కబడ్డీ చూసే మామూలు అభిమానికి అంత హంగు అక్కర్లేదు. ఎదుటివాళ్ళ కూతలు ఎటువైపు ఎన్ని వెళ్ళాయో, ఎన్ని ఖాళీగా వెనుదిరిగాయో గీతలు గీసుకుంటే సగం కథ తెలిసిపోతుంది.

ఇక్కడ తొమ్మిదో సీజన్ టైటాన్స్‌ని గుర్తుచేసుకోవాలి. ఎడమ కార్నర్ విశాల్ భరద్వాజ్. కుడి కార్నర్ రవీందర్ పహల్. మధ్యలో నిలబడే కవర్లలో సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైంస్వాల్. కబడ్డీ తెలిసినవాళ్ళకి ఈ నాలుగు పేర్లూ వరసగా చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. లీగ్ మొత్తం మీద ఒక్కొక్కరి పట్టు పాయింట్లూ వందల్లో ఉంటాయి. కాగితం మీద అంతకన్నా గట్టి గోడ కట్టలేం. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి 20 ఓడింది. విడివిడిగా తెచ్చిన పాయింట్లు కూడితే డిఫెన్స్ కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కార్నర్ దూకిన క్షణంలోనే కవర్ కదలాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కళ్ళతో మాట్లాడుకోవాలి. నలుగురూ నాయకులే అయితే నలుగురికీ ముందు దూకాలనే ఉంటుంది.

ఇంకో అంకె కూడా మోసం చేసేదే. సూపర్ ట్యాకిల్. మైదానంలో మనవాళ్ళు ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు రైడర్‌ని పడితే రెండు పాయింట్లు. జనం లేచి నిలబడతారు, ఈలలు, డప్పులు. నిజంగానే గొప్ప సాహసం. అయితే సూపర్ ట్యాకిల్స్ ఎక్కువున్న జట్టు డిఫెన్స్ బాగుందని అనుకుంటే పొరపాటు. అవి కుప్పగా రావాలంటే ముందు జట్టు ముగ్గురికి పడిపోతూ ఉండాలి కదా. కాబట్టి ఎన్ని సూపర్ ట్యాకిల్స్ చేశారన్నది కాదు, ముగ్గురితో మిగిలిన సందర్భాలెన్ని, వాటిలో ఎన్ని సూపర్ ట్యాకిల్‌గా మారాయి, ఎన్ని ఆలౌట్‌గా మారాయి అన్నది చూడాలి.

ఇప్పుడు అసలు విషయం. 200 పాయింట్ల రైడర్ ఉన్న జట్టు ఆఖరున ఎందుకు మిగిలింది?

బాస్కెట్‌బాల్‌లో లేని ఒక నియమం కబడ్డీలో ఉంది. ఔటైనవాడు బయట కూర్చోవాలి. జట్టు తాకో, పట్టో పాయింటు తెస్తేనే, ఔటైన వరసలో ఒక్కొక్కరుగా తిరిగి లోపలికొస్తారు. బోనస్ పాయింటుకి ఎవరూ రారు. శాక్రమెంటో వాళ్ళ డిఫెన్స్ ఎంత పేలవమైనా, వాళ్ళ స్కోరర్ మళ్ళీ బంతి అందుకుని వేస్తూనే ఉంటాడు. మన పవన్ ఔటైతే మాత్రం, అతన్ని మైదానంలోకి తెచ్చే పని మిగిలినవాళ్ళది. అందులో డిఫెన్స్‌కి ముఖ్యమైన వాటా ఉంది.

దీనికీ ఒక లెక్క వేద్దాం. ఎదుటివాళ్ళ కూత ఒకటి, మన కూత ఒకటి కలిపితే ఒక విడత, సుమారు ఒక నిమిషం. స్టార్ రైడర్ బయట ఉన్నప్పుడు, ఒక విడతలో జట్టు అతన్ని బతికించే పాయింటు తెచ్చే అవకాశం సగం ఉందనుకుందాం. అప్పుడతను సగటున రెండు విడతలు, అంటే 2 నిమిషాలు బయట కూర్చుంటాడు. అదే అవకాశం నాలుగో వంతుకి పడిపోతే? 4 నిమిషాలు. మ్యాచ్‌లో 5 సార్లు ఔటయ్యాడనుకోండి. మొదటి జట్టులో అతను 10 నిమిషాలు బయటుంటాడు. రెండో జట్టులో 20 నిమిషాలు, అంటే సగం ఆట. 2 కోట్ల 60 లక్షలు పెట్టి కొన్న ఆటగాడు సగం మ్యాచ్ బెంచీ మీద! ఆ సగంలో జట్టు మళ్ళీ బలహీనం, పట్టేవాళ్ళు తగ్గుతారు, ఆలౌట్ దగ్గరపడుతుంది. ఆలౌటైతే అందరూ తిరిగొస్తారు, స్టార్‌తో సహా. కానీ ఎదుటివాళ్ళకి రెండు పాయింట్ల కట్నం సమర్పించుకున్నాకే.

మళ్ళీ చెబుతున్నాను, సగం, పావు అన్నవి నేననుకున్న అంకెలు. కానీ ఈ లెక్కలో దాగిన సంగతి మాత్రం ఊహ కాదు, నియమాల పుస్తకంలో ఉన్నదే: కబడ్డీలో డిఫెన్స్ చెడితే దాడి కూడా చెడుతుంది. డిఫెన్స్‌కి పాయింట్లు తేవడం ఒక పనైతే, రైడర్‌ని లోపలికి తేవడం రెండో పని. ఆ రెండో పనికి ఏ పట్టికలోనూ గడి లేదు. నన్నడిగితే టీవీ తెర మీద రైడర్ పాయింట్ల పక్కన, అతను బయట కూర్చున్న నిమిషాలు కూడా చూపించాలి. అప్పుడు వేలంలో ఆటగాళ్ళ ధరలు మర్నాటినుంచే మారిపోతాయి.

సరే, మూడు సీజన్లలోనూ రోగం ఒకటేనా? దీనికి రహస్య డేటా అక్కర్లేదు, పాయింట్ల పట్టికే చెబుతుంది. అప్పటి నియమం ప్రకారం గెలిస్తే 5, టై అయితే 3, ఓడినా తేడా 7 పాయింట్లలోపుంటే ఓదార్పుగా 1. ఎనిమిదో సీజన్‌లో టైటాన్స్‌కి 1 గెలుపు, 4 టైలు, 17 ఓటములు, మొత్తం 27 పాయింట్లు. గెలుపుకి 5, టైలకి 12 తీసేస్తే మిగిలేవి 10. అంటే 17 ఓటముల్లో 10 చివరిదాకా పోరాడి ఓడినవే. 7 మాత్రమే చిత్తుగా ఓడినవి. ఆ ఏడాది రైడర్ సిద్ధార్థ్ దేశాయ్ గాయపడి తప్పుకున్న సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ జట్టు అడుగున ఉన్నా, నిజానికి అంత చెడ్డ జట్టు కాదు. 1 గెలుపు అన్న అంకె దాని ముఖాన అన్యాయంగా అంటుకుంది.

తొమ్మిదో సీజన్‌లో 2 గెలుపులు, 20 ఓటములు, 15 పాయింట్లు. ఓదార్పు పాయింట్లు 5 మాత్రమే, చిత్తు ఓటములు 15. గెలుపుల లెక్కలో ముందటేడు కన్నా ఒకటి ఎక్కువ, ఆటలో ఎంతో హీనం. పదో సీజన్‌లో 2 గెలుపులు, 1 టై, 19 ఓటములు, 21 పాయింట్లు. ఓదార్పు 8, చిత్తు 11. అంటే స్టార్ రైడర్ వచ్చాక అంతరం కొంత తగ్గింది, గెలుపు రాలేదు. మూడేళ్ళూ 12వ స్థానమే గానీ మూడూ మూడు రకాల జట్లు. మందు కూడా వేరువేరుగా వెయ్యాల్సింది.

ఇక్కడ సి.ఆర్. రావు గారిని పిలుస్తాను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకుని కలకత్తా వెళ్ళారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఒక పరిశోధనా పత్రం రాశారు. క్రామర్-రావు అసమానత అని ఇవాళ ప్రపంచమంతా పాఠంగా చెబుతున్నది అందులోనిదే. 2023లో ఆయనకి గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు, అదే ఏడాది 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ సూత్రం సారాన్ని నాకు తెలిసినంతలో తేలిక మాటల్లో చెప్పాలంటే: చేతిలో ఉన్న డేటా ఇంతే అయితే, ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనాలో తప్పు ఒక హద్దు కన్నా తగ్గదు. తెలివి డేటాకి ప్రత్యామ్నాయం కాదన్నమాట.

కబడ్డీకి ఇది చక్కగా వర్తిస్తుంది. సగానికి సగం పట్టగల డిఫెండర్ సీజన్‌లో 100 సార్లు ప్రయత్నించాడనుకోండి. కేవలం అదృష్టం మీద అతను ఒక ఏడు 42 పట్టవచ్చు, మరుసటేడు 57 పట్టవచ్చు. 40కీ 60కీ మధ్య ఎక్కడ తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మనం మాత్రం మొదటేడు "వీడు దండగ" అని వదిలేస్తాం, రెండో ఏడు "ఎంత ఎదిగాడు" అని ధర పెంచుతాం. ఆటగాడు మారలేదు. 22 మ్యాచ్‌ల సీజన్ చిన్నది. దాంట్లోంచి జట్టు గురించి కొంత చెప్పగలం, ఒక్కో ఆటగాడి గురించి జాగ్రత్తగా చెప్పాలి, ఒక్కో మ్యాచ్ గురించి చెప్పేది చాలావరకు కబుర్లే. మ్యాచ్ అయిన పది నిమిషాలకి తీర్పులిచ్చే విశ్లేషకులు నన్ను మన్నించాలి.

ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. పదకొండో సీజన్ గచ్చిబౌలిలోనే 2024 అక్టోబరు 18న మొదలైంది. తొలి మ్యాచ్‌లో బెంగళూరు బుల్స్‌ని 37-29తో ఓడించారు. కొత్త కోచ్ కృషన్ కుమార్ హుడా. ఎనిమిదో సీజన్‌లో దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిపెట్టింది ఆయనే. డిఫెన్స్‌లో తొమ్మిదో సీజన్ నాటి మోతమోగే పేర్లు లేవు. మధ్యలో పవన్‌కి గాయమైంది, సహచరుడు విజయ్ మలిక్ జట్టుని లాక్కొచ్చాడు. ముగిసేసరికి 12 గెలుపులు, 10 ఓటములు, 66 పాయింట్లు, 7వ స్థానం. ఇందాకటి లెక్కే వేస్తే 10 ఓటముల్లో 6 దగ్గర ఓటములు, 4 మాత్రమే చిత్తు. 7, 15, 11, 4. నాలుగేళ్ళ చిత్తు ఓటముల వరస ఇది. టైటాన్స్ కథని ఇంత కురచగా చెప్పే అంకెలు నాకు వేరే కనిపించలేదు.

పన్నెండో సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలైంది. అప్పటికి పవన్ జట్టులో లేడు. విజయ్ మలిక్ నాయకత్వంలో, నాలుగో సీజన్ తర్వాత మొదటిసారి టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరి, రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళింది. ఖరీదైన ఆటగాడు పోయాడు కాబట్టే జట్టు బాగుపడిందని ఎవరైనా అంటే నమ్మకండి. పదో సీజన్ నుంచి చూస్తే కోచ్ మారాడు, డిఫెండర్లు మారారు, మిగతా రైడర్లూ మారారు. ఇన్ని మారినప్పుడు ఘనతంతా ఒక్కదానికే కట్టబెట్టడం గణాంకం కాదు, పుకారు. నేను ధైర్యంగా చెప్పగలిగింది ఇంతే: ఒక్కడి మీద ఆధారపడ్డప్పుడు, ఆ ఒక్కణ్ణి లోపలికి తెచ్చే దారి లేక జట్టు కూలింది. పాయింట్ల భారం నలుగురూ పంచుకున్నప్పుడు, ఒకడు బయటున్నా ఇంకొకడు తెచ్చాడు.

ఆ రెండో క్వాలిఫయర్‌లో పుణేరి పల్టన్ చేతిలో టైటాన్స్ 45-50తో ఓడింది. 45 సాధించిన జట్టు మామూలుగా గెలవాలి. వాళ్ళ రైడర్ ఆదిత్య షిండే ఒక్కడే మన డిఫెన్స్ మీద 20కి పైగా పాయింట్లు తెచ్చుకున్నాడు. వాటిలో తాకించుకున్నవెన్ని, పట్టబోయి పోయినవెన్ని, బోనస్‌లెన్ని? వీడియో మళ్ళీ చూస్తూ ఎవరైనా గంటలో తేల్చగలరు.

హైటెక్ సిటీలో, మాదాపూర్‌లో, కొండాపూర్‌లో కూర్చుని ఈ మాటలు వింటున్న కుర్రాళ్ళని అడుగుతున్నాను. మీ ఆఫీసు కబడ్డీ పోటీలకి, మీ ఊరి సంక్రాంతి పోటీలకి, మీ కాలేజీ జట్టుకి స్కోరు రాసేవాడి పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టండి. ప్రతి కూతకీ నాలుగు సంగతులు రాయించండి: ఎటువైపు వెళ్ళింది, మైదానంలో ఎందరున్నారు, పట్టబోయారా లేదా, ఫలితం ఏమిటి. ఒక సీజన్ పుస్తకం నిండాక దాన్ని మీ దగ్గరే దాచుకోకుండా జిల్లా కబడ్డీ సంఘానికి ఇవ్వండి. ఏ పల్లెటూరి కుర్రాడు రైడర్లని తనవైపు రానివ్వకుండా నిలబడుతున్నాడో, ఏ పట్టికలోనూ పేరు లేని ఆ డిఫెండర్ ఎవరో, వాళ్ళకి తెలియాల్సిన అవసరం ఉంది.